గంటదో దారి, మాటదో దారి: చిన్న ఆఫీసులో ఇంటర్నెట్ ఫోన్లు పెట్టుకునే పద్ధతి

“అన్నయ్యగారూ, గంట మోగుతోందండీ. ఎత్తితే అవతలి మాట రావట్లేదు. వాళ్ళేమో నన్నే తిడుతున్నారు.”

పాలకొల్లులో ఒక 24 పడకల నర్సింగ్ హోముకి కొత్త ఫోన్లు బిగించి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, అక్కడి రిసెప్షన్ అమ్మాయి తన సొంత సెల్‌ఫోన్ నుంచి చెప్పిన కంప్లయింటు ఇది. రాగితీగల రోజుల్లో ఇలాంటిది దాదాపు వినేవాణ్ణి కాదు. గంట, మాట రెండూ ఒకే జత తీగ మీద వచ్చేవి. తీగ తెగితే రెండూ పోయేవి, అతికిస్తే రెండూ వచ్చేవి. ఇంటర్నెట్ ఫోన్‌లో గంట మోగించే కబురు ఒక దారిన వస్తుంది, మాట వేరే దారిన వస్తుంది. ఒకటి బాగానే ఉండి రెండోది చెడిపోవచ్చు. ఈ పనిలో నేను నేర్చుకున్నదాంట్లో పదిమందికి చెప్పదగ్గది ఏదైనా ఉంటే ఇదే. ఫోన్లు కొనడం, అమర్చడం, పాడైతే పట్టుకోవడం మూడూ దీని చుట్టే తిరుగుతాయి.

మా నాన్నగారు టెలిఫోన్ లైన్‌మన్‌. నేను ఇంటర్‌కామ్‌లు బిగించే పనిలోకి వచ్చి పాతికేళ్ళు దాటింది. మొదట్లో అంతా తీగలు కలిపే క్రోన్ బాక్సులు, జంపర్ తీగలు, గోడకి తగిలించే ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ డబ్బాలు, అంటే ఈపీఏబీఎక్స్‌లు. ఇప్పుడు భీమవరం, నరసాపురం చుట్టుపక్కల నాకొచ్చే పనిలో ఎక్కువ భాగం ఐపీ ఫోన్లే, అంటే ఇంటర్నెట్ ఫోన్లే. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఇందులో కొత్త సంగతులు ఉండవు. లాడ్జీలు, నర్సింగ్ హోములు, రైసుమిల్లులు నడిపేవాళ్ళ కోసం, వాళ్ళ దగ్గర కంప్యూటర్లు చూసే కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను.

మాట ఎలా వెళుతుంది

మీరు ఫోన్లో “హలో” అన్నారనుకోండి. ఫోన్‌లోని చిప్పు ఆ శబ్దాన్ని సెకనుకి 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతని 8 బిట్లలో రాసుకుంటుంది. అంటే సెకనుకి 64,000 బిట్లు. దీని పేరు జీ.711. 1972 నాటి పద్ధతి, ఇప్పటికీ ఆఫీసు ఫోన్లలో ఎక్కువగా నడిచేది ఇదే. ఇందులో మన దేశంలో, యూరప్‌లో వాడేది ఏ-లా, అమెరికాలో వాడేది మ్యూ-లా. ఫోన్ సెట్టింగుల్లో ఈ రెండు పేర్లూ కనిపిస్తాయి. ఏ-లాని పైన పెట్టుకోండి.

ఈ బిట్లన్నీ ధారలాగా పోవు. ప్రతి 20 మిల్లీసెకన్ల మాటనీ ఒక చిన్న పొట్లం కట్టి పంపిస్తుంది ఫోన్. సెకనుకి 50 పొట్లాలు, ఒక్కోదాంట్లో 160 బైట్ల మాట. దాని మీద అడ్రసు చీటీకి మరో 40 బైట్లు. అన్నీ కలిపితే ఒక కాల్‌కి ఒక్కోవైపు 80 కిలోబిట్లు, లోపలి నెట్‌వర్క్ తీగ మీద కొలిస్తే 87 దాకా.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, “ఎంత స్పీడు నెట్ తీసుకోవాలండీ?” అని అడగని కస్టమరు లేడు. పదిమంది ఒకేసారి మాట్లాడినా అటు ఒక ఎంబీపీఎస్, ఇటు ఒక ఎంబీపీఎస్ నిండవు. 100 ఎంబీపీఎస్ లైను ఉండి కూడా మాట తెగుతోందంటే లోపం స్పీడులో లేదు, పొట్లాలు వచ్చే తీరులో ఉంది. ఒకటి 20 మిల్లీసెకన్లకి వచ్చి, తర్వాతది 90కి వచ్చి, ఆ వెనక మూడు ఒక్కసారి వచ్చి పడితే వినేవాడికి మాట ముక్కలవుతుంది. మున్సిపల్ కుళాయి చూడండి, ఆగి ఆగి వస్తుంది. అయినా మేడ మీద ట్యాంకు ఉంటే ఇంట్లో ధార సమంగా పడుతుంది. ఫోన్‌లోనూ అలాంటి ట్యాంకు ఒకటి ఉంది, దాన్ని జిట్టర్ బఫర్ అంటారు. వచ్చిన పొట్లాలని కాసేపు పట్టి ఉంచి, వరుసలో పెట్టి వినిపిస్తుంది. ట్యాంకు మరీ పెద్దదైతే మాట ఆలస్యమై ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, ఒకేసారి ఆగిపోతారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటలు సాఫీగా సాగుతాయని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ లెక్క.

దారిలో పొట్లం పోతే మళ్ళీ పంపించమని అడగడం ఉండదు. తాళి కట్టేశాక మేళం వచ్చి ఏం లాభం? పోయినదాన్ని వదిలేసి ముందుకి పోతుంది. ఒకటీ అరా పోతే చెవికి తెలియదు.

జీ.729 అనే పద్ధతిలో మాటని 8 కిలోబిట్లకి కుదిస్తారు, కానీ గొంతు కాస్త డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. నెట్ బొత్తిగా సన్నగా ఉంటే తప్ప నేను పెట్టను. లోపలి ఫోన్ల మధ్య జీ.722 పెట్టి చూడండి, మనిషి పక్క కుర్చీలో ఉన్నట్టే వినిపిస్తుంది. వాట్సాప్ లాంటి యాప్‌లలో ఓపస్ అని ఇంకొకటి నడుస్తుంది. దానికి నెట్ తగ్గితే తగ్గడం, పెరిగితే పెరగడం తెలుసు.

కబురు ఎలా వెళుతుంది

గంట మోగించే కబురుకి సిప్ అని ఒక భాష ఉంది. ఇప్పుడు వాడే రూపం 2002లో ఖాయమైంది. దీన్ని అర్థం చేసుకోవడానికి పెళ్ళిపిలుపు చాలు.

ఫోన్‌ని నెట్‌వర్క్‌కి తగిలించగానే అది ముందు ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్‌ఛేంజ్ డబ్బా దగ్గరికి వెళ్ళి “నేను 205ని, ఫలానా అడ్రసులో ఉన్నాను” అని పేరు రాయించుకుంటుంది. ఇది రిజిస్టర్. మొదటిసారి డబ్బా 401 అని తిప్పికొడుతుంది. లాగ్ చూసే కుర్రాళ్ళు ఆ 401 చూసి టెన్షన్ పడతారు. అక్కర్లేదు. “పాస్‌వర్డ్ చూపించు” అనడానికి అదే పద్ధతి. రెండోసారి 200 వచ్చిందా లేదా అన్నదే చూడాలి. ఈ పేరు రాయింపు ఒక్కసారితో అయిపోదు, గడువు తీరేలోగా మళ్ళీ మళ్ళీ చేసుకుంటూ ఉండాలి.

205 నుంచి 210కి చేస్తే 205 ఒక ఇన్వైట్ పంపుతుంది. పేరులోనే ఉంది, అది శుభలేఖ. అవతలి ఫోన్ మోగుతుంటే 180 అని జవాబు, ఎత్తితే 200, దానికి ఇవతలివాడు “అందింది” అంటూ ఏక్ పంపాలి. మాటలయ్యాక బై. బిజీగా ఉంటే 486. ఆ నంబరే లేకపోతే 404.

శుభలేఖ కవరు గానీ, దానికి వెళ్ళే 200 జవాబు కవరు గానీ చింపి లోపల చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. నర్సింగ్ హోములో ఆ రోజు నేను లాప్‌టాప్‌లో వైర్‌షార్క్ అనే, తీగ మీద పోయే పొట్లాలని విప్పి చూపించే ప్రోగ్రాము పెట్టి చూసింది ఇదే. ఒక వరుసలో 192.168.1.50 అని అడ్రసు. కింది వరుసలో ఆడియో, 11780 అని పోర్టు నంబరు, అంటే ఆ అడ్రసులో ఏ గుమ్మమో చెప్పే అంకె. దాని పక్కన 8, 0, 18, 101 అని నాలుగు అంకెలు. ఈ అంకెలు నాకు ఏయే పద్ధతుల్లో మాట వస్తే అర్థమవుతుందో చెబుతాయి. 8 అంటే ఏ-లా, 0 అంటే మ్యూ-లా, 18 అంటే జీ.729. 101 మామూలుగా మీరు నొక్కే బటన్ల కోసం. మొత్తం కలిపి చదివితే “నాతో మాట్లాడాలంటే మీ మాటని ఈ అడ్రసుకి, ఈ పోర్టుకి పంపండి” అని. శుభలేఖ వచ్చింది ఒక దారిన, విందు జరిగే చోటు లోపల వేరే రాసి ఉంది.

మరి 192.168.1.50 అంటే ఏమిటి? “రామాలయం వీధి, రెండో ఇల్లు” లాంటిది. మన ఊళ్ళో అందరికీ తెలుసు. పక్క ఊరివాడికి అదే రాసి పంపితే? వాడి ఊళ్ళోనూ ఒక రామాలయం వీధి ఉంటుంది. అవతలి కంపెనీ వాళ్ళ మాటల పొట్లాలు ఆ అడ్రసుకి బయల్దేరి ఎక్కడికీ చేరవు. వాళ్ళిచ్చిన అడ్రసు సరైనదే కాబట్టి ఇటు నుంచి పంపినవి మాత్రం వాళ్ళకి చేరతాయి. అందుకే పేషెంట్ల బంధువులు ఆ అమ్మాయిని తిట్టారు: “మీరు హలో హలో అంటూనే ఉంటారు, మేం చెప్పేది వినరేమండీ?”

ఒకవైపే మాట వస్తోందంటే నూటికి ఎక్కువసార్లు జబ్బు ఇదే. చేయాల్సింది రెండు పనులు. ఎక్స్‌ఛేంజ్ డబ్బా సెట్టింగుల్లో బయటి అడ్రసు అని ఒక గడి ఉంటుంది, అందులో మీ నెట్ కనెక్షను పబ్లిక్ అడ్రసు వేయాలి. దాని కిందే లోపలి నెట్‌వర్క్ ఏదో చెప్పాలి. రెండోది, రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే ఐచ్ఛికం ఉంటే ఆపేయాలి. పాపం అది సాయం చేద్దామనే శుభలేఖలో వేలు పెట్టి అడ్రసు దిద్దుతుంది, చాలా రూటర్లలో తప్పు దిద్దుతుంది. నర్సింగ్ హోములో ఈ రెండు లోపాలూ ఉన్నాయి. డబ్బాలో బయటి అడ్రసు వేయడం మరిచిపోయింది నేనే.

ఒక జాగ్రత్త. చాలా ఫైబర్ కనెక్షన్లలో మీకొక్కరికే సొంతమైన పబ్లిక్ అడ్రసు ఉండదు, ఒకే అడ్రసుని ఎంతోమందికి పంచుతారు. ఫోన్లు పెట్టేముందే నెట్ ఇచ్చేవాళ్ళని స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత అడ్రసు, అడగండి. నెలకి కొంత ఎక్కువ కట్టాలి. కట్టండి.

ఏమేం కొనాలి

నడుమ ఉండేది ఎక్స్‌ఛేంజ్ డబ్బా, ఐపీ పీబీఎక్స్. పేర్లు రాసుకోవడం, ఎవరిని ఎవరితో కలపాలో చూడటం, “ఒకటి నొక్కండి, రెండు నొక్కండి” అని పలకడం దీని పని. రెడీమేడ్ డబ్బాలు దొరుకుతాయి. చిన్న కంప్యూటర్లో ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నా అదే పని చేస్తుంది. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా కుర్రాడు తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టమ్ కొనే డబ్బు లేక తనే రాసుకున్నాడు దాన్ని. ఇప్పుడు మార్కెట్లో దొరికే డబ్బాల్లో చాలావాటి లోపల అదే ఉంటుంది. రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది కానీ, మెమొరీ కార్డు ఎప్పుడో ఒకరోజు చెప్పకుండా పోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న చిన్న పీసీ నయం.

డబ్బా అసలు వద్దు, అంతా క్లౌడ్‌లో పెట్టుకోండి అనేవాళ్ళు వస్తారు. హైదరాబాద్‌లో రెండు ఫైబర్ లైన్లున్న ఆఫీసుకి అది బాగుంటుంది. మా వైపు గాలివాన వస్తే చెట్టుకొమ్మ పడి ఫైబర్ తెగుతుంది. క్లౌడ్ అయితే ఆ పూట డ్యూటీ నర్సు నుంచి పై అంతస్తులో ఐసీయూకి కూడా ఫోన్ కలవదు. డబ్బా బిల్డింగ్‌లోనే ఉంటే బయటి ఫోన్లే పోతాయి, లోపల మామూలుగా నడుస్తుంది. ఆస్పత్రులకి, లాడ్జీలకి నేను లోపల డబ్బానే చెబుతాను.

తర్వాత ఫోన్లు. బల్ల మీద పెట్టే ఐపీ ఫోన్ ఒకటి. కంప్యూటర్లోనో సెల్‌ఫోన్‌లోనో వేసుకునే సాఫ్ట్‌ఫోన్ ఇంకొకటి. పాత మామూలు ఫోన్లు పారేయకుండా వాడుకోవాలంటే ఏటీఏ అనే చిన్న డబ్బా. డాక్టర్లు సెల్‌ఫోన్‌లో సాఫ్ట్‌ఫోన్ అడుగుతారు. వారం బాగుంటుంది, తర్వాత బ్యాటరీ మిగల్చాలని సెల్లు ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, గంట మోగదు. డాక్టరుగారి ఎక్స్‌టెన్షన్‌కి వచ్చిన కాల్ నేరుగా వాళ్ళ సెల్ నంబరుకి మళ్ళేలా పెట్టడం నా పద్ధతి.

ఫోన్ల నెట్ తీగలన్నీ వచ్చి కలిసే డబ్బా పేరు స్విచ్. అది కొనేటప్పుడు పీవోఈ ఉన్నదే కొనండి. నెట్ తీగలోనే ఫోన్‌కి కరెంటు వెళుతుంది. పాత ప్రమాణం ప్రకారం తీగ గుచ్చే ఒక్కో రంధ్రానికి (దీన్నీ పోర్టే అంటారు) 15.4 వాట్ల దాకా ఇస్తుంది, బల్ల ఫోన్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. దీని లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. ప్రతి బల్ల దగ్గరా అడాప్టరు పెట్టి, దానికో యూపీఎస్ వెతుక్కోకుండా ఒక్క స్విచ్‌కి యూపీఎస్ పెడితే అన్ని ఫోన్లూ బతుకుతాయి. రాగితీగ రోజుల్లో ఎక్స్‌ఛేంజ్ నుంచి 48 వోల్టులు వచ్చేవి, ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోన్ పలికేది. ఆ అలవాటుతో జనం యూపీఎస్ సంగతి మరిచిపోతారు. ఫైబర్ బాక్సు, రూటరు, స్విచ్, ఎక్స్‌ఛేంజ్ డబ్బా, నాలుగూ యూపీఎస్ మీద ఉండాలి. మూడింటికి పెట్టి, మెట్ల కింద వేరే చోట ఉన్న ఫైబర్ బాక్సుని వదిలేసినవాళ్ళని ఎంతమందిని చూశానో.

తీగ క్యాట్ 6 వేయండి, స్విచ్ నుంచి ఫోన్ దాకా 100 మీటర్లు దాటకూడదు. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి ఆరుబయట రాగితీగ లాగొద్దు. పాలకొల్లు నర్సింగ్ హోములో పాత ఈపీఏబీఎక్స్ పోయిందే అలా. క్వార్టర్స్‌కి లాగిన తీగ మీదుగా పిడుగు దిగి కార్డులన్నీ మాడిపోయాయి. ఇప్పుడు ఆ ముక్కకి ఫైబర్ వేసి, రెండు చివర్లా కన్వర్టర్లు పెట్టాను. గాజుతీగ మీద పిడుగు నడవదు.

బయటి లైన్లు

ఇక్కడ రెండు పేర్లు అందరినీ తికమక పెడతాయి, ఎఫ్‌ఎక్స్‌ఎస్, ఎఫ్‌ఎక్స్‌ఓ. డయల్ టోను ఇచ్చే రంధ్రం ఎఫ్‌ఎక్స్‌ఎస్, దానికి ఫోన్ తగిలిస్తారు. డయల్ టోను పుచ్చుకునే రంధ్రం ఎఫ్‌ఎక్స్‌ఓ, దానికి లైను తగిలిస్తారు. ఏటీఏలో ఉండేది మొదటిది. మీ పాత ల్యాండ్‌లైను నంబరు పోకుండా ఐపీ ఎక్స్‌ఛేంజ్‌లోకి తెచ్చుకోవాలంటే రెండోది ఉన్న గేట్‌వే అనే డబ్బా కావాలి. కొనేముందు డబ్బా వెనక ఏముందో చదవండి, రెండూ చూడటానికి ఒకే సైజు రంధ్రాలు.

గేట్‌వేతో నాకు ఎదురైన చిక్కు ఒకటి చెప్పాలి. భీమవరంలో ఒక లాడ్జీలో రెండు ల్యాండ్‌లైన్లు. రోజూ మధ్యాహ్నానికల్లా రెండూ బిజీ. ఎవరూ మాట్లాడట్లేదు, గేట్‌వే లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. రీస్టార్ట్ చేస్తే సరి, మర్నాడు మళ్ళీ మామూలే. మూడుసార్లు తిరిగాను. కాల్ చేసినవాడు పెట్టేస్తే ల్యాండ్‌లైన్లో బిజీ టోను వస్తుంది కదా, అది విని గేట్‌వే లైను వదలాలి. మన దేశంలో ఆ టోను 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. గేట్‌వేలో దేశం దగ్గర అమెరికా అని ఉంది. అక్కడి బిజీ టోను 480, 620 హెర్ట్జ్‌ల జంట. పాపం ఆ డబ్బా రాని టోను కోసం చెవులు రిక్కించి కూర్చుంది. దేశం ఇండియా అని మార్చాక ఆ లాడ్జీ నుంచి నాకు మళ్ళీ పిలుపు రాలేదు. గేట్‌వే పెట్టెలోంచి తియ్యగానే నేను మొదట చూసేది ఇప్పుడు అదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి గేట్‌వే అవసరం లేని దారి సిప్ ట్రంక్. లైసెన్సున్న టెలికాం కంపెనీ నుంచి ఒక నంబరు, దాని మీద ఒకేసారి ఇన్ని కాల్స్ అని తీసుకుంటారు. అది నెట్ తీగ మీదే వస్తుంది. 24 పడకల ఆస్పత్రికి నేను ఐదు కాల్స్ చాలన్నాను, డాక్టరమ్మగారు పది పెట్టమన్నారు. ఇంతవరకు ఆరు దాటలేదు.

ఇదంతా కొత్త అనుకుంటారు గానీ, మీ ఇంట్లో ఇప్పటికే ఉండొచ్చు. ఏపీ ఫైబర్‌నెట్ బాక్సుకో, ఇంకే ఫైబర్ బాక్సుకో వెనక ఫోన్ తగిలించుకున్నవాళ్ళు మాట్లాడేది ఇంటర్నెట్ పద్ధతిలోనే. ఆ బాక్సులో ఒక ఎఫ్‌ఎక్స్‌ఎస్ రంధ్రం ఉంది, అంతే తేడా. 4జీ సెల్‌ఫోన్‌లో వోల్టీ కాల్ కూడా లోపల ఈ సిప్ శుభలేఖలతోనే కలుస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న తలుపు తెరిచారు, అదీ కొద్దిగానే. లైసెన్సు ఉన్న కంపెనీలు నెట్ మీద దేశంలోని మామూలు ఫోన్లకీ కలపొచ్చని తేలింది 2018లో. విదేశాల నుంచి నెట్‌లో వచ్చిన కాల్స్‌ని ఇక్కడ సిమ్ కార్డుల్లోకి దింపి పంపించే సిమ్ బాక్సుల వ్యాపారం నేరం. “మీ షాపులో ఒక చిన్న డబ్బా పెట్టుకుంటాం, నెలకి అద్దె ఇస్తాం” అని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించేయండి.

అమర్చేటప్పుడు

ముందు కాగితం మీద నంబర్లు వేసుకోండి. ఎక్స్‌టెన్షన్లు 1తో మొదలుపెట్టొద్దు. 108, 112, 104 అన్నీ 1తోనే మొదలవుతాయి, కంగారులో ఎవరో 108 నొక్కితే అది స్టోర్‌రూమ్‌లో మోగకూడదు. కింది అంతస్తు 201 నుంచి, పై అంతస్తు 301 నుంచి పెడితే ఎవరికీ చెప్పక్కర్లేకుండా గుర్తుంటుంది. బయటికి సున్నా నొక్కడం మనవాళ్ళకి అలవాటే, అదే ఉంచండి. 108, 112 మాత్రం సున్నా నొక్కినా నొక్కకపోయినా వెళ్ళాలి. అంత చేసినా రిసెప్షన్‌లో ఒక మామూలు సెల్‌ఫోన్ ఛార్జింగ్‌లో ఉంచమంటాను.

బ్యాంకుకి చేసి “రెండు నొక్కండి” అంటే ఎంత నొక్కినా అవతల అందట్లేదంటే డీటీఎంఎఫ్, అంటే నొక్కిన బటన్లని పంపే పద్ధతి, సెట్టింగు చూడండి. ఆర్‌ఎఫ్‌సీ 2833 లేదా 4733 అని ఉన్నది ఎంచుకోండి, రెండూ ఒకటే పద్ధతి. ఫోన్‌లో ఒకటి, డబ్బాలో ఇంకొకటి ఉంటే పని చేయదు.

మాట పొట్లాలకి ముందు దారి ఇవ్వడం రూటర్‌లో చేసుకోవాలి. ఐపీ ఫోన్లు తమ పొట్లాల మీద మామూలుగా 46 అని ఒక ముద్ర వేస్తాయి, స్విచ్, రూటరు దాన్ని గౌరవించేలా పెట్టాలి. మన గేటు దాటాక ఆ ముద్రని పట్టించుకునేవాడు ఉండడు, కానీ రద్దీ ఎక్కువగా మన గేటు దగ్గరే. నర్సింగ్ హోములో రోజూ సాయంత్రం ఆరింటికి మాట తెగేది. సరిగ్గా అప్పుడే స్కాన్ రూమ్ నుంచి సీటీ బొమ్మలు రిపోర్టు కోసం బయటికి వెళ్ళేవి. ఆ కంప్యూటరు అప్‌లోడ్‌కి రూటర్‌లో పరిమితి పెట్టాను. బొమ్మలు నాలుగు నిమిషాలు లేటుగా వెళుతున్నాయి, మాట తెగడం పోయింది.

బల్ల ఫోన్లని వైఫై మీద పెట్టకండి. తీగ లాగడం కష్టమైన ఒకటి రెండు చోట్ల తప్పదేమో, మిగతా అన్నిటికీ తీగే.

పాస్‌వర్డుల దగ్గర నేను సిగ్గుపడాల్సిన కథ ఉంది. 2016లో ఒక కాలేజీకి పెట్టిన సిస్టమ్‌లో తొందరలో 201కి పాస్‌వర్డ్ కూడా 201 అనే ఉంచేశాను, తర్వాత మారుద్దామని. ప్రిన్సిపాల్‌గారు ఇంటి నుంచి వాడుకోవాలంటే, సిప్ కబుర్లు వచ్చే 5060 పోర్టు బయటికి తెరిచాను. శనివారం రాత్రి ఎవడో లోపలికి దూరాడు. వాళ్ళు మనుషులు కాదు, నెట్ అంతా తిరుగుతూ తలుపులు తట్టే ప్రోగ్రాములు. సోమవారం పొద్దున్నకి పేరు కూడా వినని దేశాలకి కాల్స్, బిల్లు ముప్పై వేల పైచిలుకు. సగం నేను కట్టాను. ఇప్పుడు ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ 16 అక్షరాల అడ్డదిడ్డమైన పాస్‌వర్డ్. 5060 బయటికి అందరికీ తెరవను, ట్రంక్ కంపెనీ అడ్రసు ఒక్కదానికే తెరుస్తాను. ఇంటి నుంచి వాడాలంటే వీపీఎన్ అనే తాళం వేసిన దారి. అంతర్జాతీయ కాల్స్ అడిగినవాళ్ళకే, అదీ డబ్బాలోనూ కంపెనీ దగ్గరా రెండు చోట్లా కట్టేసి ఉంచుతాను.

పాడైతే

ఫోన్ పట్టుకుని అన్నీ రీస్టార్ట్ చేయకముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: గంట పోయిందా, మాట పోయిందా?

గంటే మోగట్లేదంటే కబురు దారి చూడాలి. ఫోన్ తెర మీద రిజిస్టర్ అయినట్టు ఉందా? లేకపోతే తీగ, పాస్‌వర్డ్, డబ్బా అడ్రసు. దూరంగా ఇంట్లో పెట్టిన ఫోన్ అయితే ఇంకో చిత్రం కనిపిస్తుంది. దాన్నుంచి చేస్తే వెళుతుంది, దానికి చేస్తే కలవదు, ఒకసారి అటు నుంచి చేశాక కాసేపు కలుస్తుంది. మధ్యలో రూటరు “వీడు చాలాసేపటి నుంచి ఉలకడు పలకడు” అని దారి మూసేసింది. “నేనున్నాను” అని చెప్పే కీప్ అలైవ్ కబురు 20, 30 సెకన్లకోసారి వెళ్ళేలా పెడితే తీరుతుంది.

గంట మోగి, మాట ఒకవైపే వస్తే రామాలయం వీధి కథ. రెండువైపులా రాకపోతే మాట పోర్టులు మూసి ఉన్నాయేమో చూడండి. ఆస్టరిస్క్‌లో మామూలుగా అవి 10000 నుంచి 20000 దాకా. కాల్ చేయగానే 488 వచ్చి కట్ అయితే ఇద్దరికీ కలిసిన పద్ధతి లేదని, ఏ-లా రెండుచోట్లా ఉందో లేదో చూసుకోవాలి.

మాటలు చక్కగా నడుస్తూ సరిగ్గా 32 సెకన్లకి కట్ అవుతుంటే సంతోషించండి, అది దొరికిన దొంగ. ఎత్తినవాడు 200 పంపి “అందింది” అనే ఏక్ కోసం ఎదురుచూస్తాడు. రాకపోతే మళ్ళీ మళ్ళీ పంపుతాడు. ఆ ఓపికకి ప్రమాణంలోనే గడువు రాసి ఉంది, అర సెకనుకి 64 రెట్లు. ఏక్ తప్పు అడ్రసుకి పోతోందన్నమాట, మళ్ళీ రూటరే చూడాలి. 15 నిమిషాలకి కట్ అయ్యేది దాని అన్నయ్య. మాటల మధ్యలో “ఉన్నావా?” అని అడిగే సెషన్ టైమర్ కబురు దారిలో పోయింది.

మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే తప్పు సాధారణంగా పాత రాగి లైను వైపు, గేట్‌వేలో వాల్యూమ్ తగ్గించి చూడండి.

చివరి పని: ఎక్స్‌ఛేంజ్ డబ్బా అల్మరా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించండి. డబ్బా అడ్రసు, రూటరు అడ్రసు, ఏ పోర్టు నుంచి ఏ గదికి తీగ వెళ్ళిందో, ట్రంక్ కంపెనీ కంప్లయింటు నంబరు, యూపీఎస్ బ్యాటరీ పెట్టిన తేదీ. పాస్‌వర్డులు మాత్రం రాయకండి. పాలకొల్లులో నేను అలాగే అంటించాను. మొన్న యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి వెళ్ళి తలుపు తీస్తే కింద స్కెచ్ పెన్నుతో రిసెప్షన్ అమ్మాయి చేతిరాత: “32 సెకన్లు – రూటరు అబ్బాయి. ఒకవైపు మాట – అన్నయ్యగారు. సాయంత్రం ఆరు – స్కాన్ రూమ్ తలుపు కొట్టాలి.”